నలుపు తెలుపు ఫిల్ములో ఎక్స్‌పోజరు, టోన్లు: ఎవరికి ఏ పద్ధతి సరిపోతుంది

నలుపు తెలుపు ఫిల్ము కొత్తగా చేతికి తీసుకున్నవారిలో ఎక్కువమంది మొదట అడిగేది ఏ డెవలపర్ (ఫిల్ము మీది చిత్రాన్ని బయటికి తెచ్చే రసాయనం) మంచిదని. నా అభిప్రాయంలో అది చివర అడగవలసిన ప్రశ్న. నీడలోని వివరం నెగెటివ్ మీద నిలిచిందా లేదా అన్నది షట్టరు మూసుకున్న క్షణంలోనే తేలిపోతుంది. చాలినంత కాంతి తగలని వెండి లవణాన్ని ఆ తరువాత ఏ రసాయనమూ మేలుకొలపలేదు. వెలుగు భాగాల తీరు వేరు. ఎక్కువసేపు కడిగితే, అంటే డెవలపరులో ఉంచితే, నెగెటివ్ మీద అవి దట్టమవుతాయి, తక్కువసేపు కడిగితే పలుచగా ఉండిపోతాయి. ఎక్స్‌పోజరుకూ, అంటే ఫిల్ముకు తగిలే కాంతికీ, నెగెటివ్ సాంద్రతకూ ఉన్న ఈ సంబంధాన్ని 1890లో ఇంగ్లండులో ఫెర్డినాండ్ హర్టర్, వీరో డ్రిఫీల్డ్ వక్రరేఖగా గీసి లెక్కకు తెచ్చారు. నీడను చూసి ఎక్స్‌పోజరు ఇవ్వాలి, వెలుగును చూసి ఫిల్ము కడగాలి అని ఫోటోగ్రాఫర్లు తరతరాలుగా చెప్పుకునే మాట ఆ గీతలో స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే ఇక్కడ పోలికను కూడా కొలతతో మొదలుపెట్టి, డెవలపరు దగ్గరికి నిదానంగా వస్తాను.

పోల్చడానికి ఒక దృశ్యం కావాలి. లేపాక్షి వీరభద్రస్వామి ఆలయంలో, ఉదయం పది గంటల వేళ, నాట్యమండపంలో నిలబడి ప్రాకారం వైపు చూస్తున్నామనుకుందాం. ఎదురుగా ఉన్న స్తంభం మీద చెక్కిన వాద్యకారుడి శిల్పం మనవైపు నీడలో ఉంది. దాని వెనుక నేలమీది గ్రానైటు బండలు ఎండకు తెల్లగా మెరుస్తున్నాయి. ఫిల్ము వేగం (కాంతిని అందుకునే చురుకుదనం) 200 అని పెట్టి, చిన్న చోటును మాత్రమే కొలిచే స్పాట్ మీటరుతో చూస్తే, లెన్సు రంధ్రం ఎఫ్ 16 దగ్గర శిల్పపు నీడవైపుకు సెకనులో 4వ వంతు, ఎండలోని బండకు 500వ వంతు చూపింది. కాంతి రెట్టింపయ్యే ఒక్కొక్క మెట్టును స్టాపు అంటారు. అంటే రెండింటి మధ్య 7 స్టాపుల దూరం ఉంది. మామూలుగా కడిగిన నెగెటివ్ నుంచి మామూలు కాగితం మీదికి వివరం చెడకుండా వచ్చేది సుమారు 5 స్టాపులే. మిగిలిన ఆ 2 స్టాపులను ఎక్కడ సర్దుతామన్నదే ఈ వ్యాసంలోని ప్రతి ఎంపిక వెనుకా ఉన్న ప్రశ్న.

కొలిచే పద్ధతులు మూడు

కెమెరాలోనే ఉండే సగటు మీటరుకు తెలిసిన పని ఒక్కటే: తన ముందు ఏది పెట్టినా దాన్ని 18 శాతం కాంతిని తిప్పికొట్టే బూడిద రంగుగా చూపించడం. లేపాక్షి మండపంలో ఫ్రేములో మూడు వంతులు నీడ ఉంటే అది బయటి ఎండను పూర్తిగా కాల్చేస్తుంది. కెమెరాను కొంచెం పక్కకు తిప్పి ఎండ భాగం ఎక్కువ చేస్తే శిల్పం మసిబొగ్గవుతుంది. దృశ్యం మారలేదు, కాంతి మారలేదు, కొలత మాత్రం మారిపోయింది. అయినా ఈ మీటరును తక్కువ చేసి మాట్లాడలేను. వీధిలో, సంతలో, మబ్బు పట్టిన పొలంలో, కాంతి అంతటా ఒకేలా ఉన్నప్పుడు ఇది చక్కగా పనిచేస్తుంది. ఇది ఒక్కటే ఉన్నవారు చేయవలసిన మార్పు చిన్నది: 400 వేగం గల ఫిల్ము వేసి మీటరును 200 లేదా 250 దగ్గర పెట్టడం. నలుపు తెలుపు ఫిల్ము ఒక స్టాపు అదనపు కాంతిని సులభంగా భరిస్తుంది, ఒక స్టాపు కొరతను మాత్రం భరించదు. ఈ ఒక్క అలవాటుతో కొత్తవారి పలుచని నెగెటివ్‌లలో చాలావరకు బాగుపడడం నేను చూశాను.

రెండోది తెల్లని గుండ్రటి డోమ్ ఉన్న చేతి మీటరు. అది వస్తువు మీద పడే కాంతిని కొలుస్తుంది గనుక వస్తువు నల్లదా తెల్లదా అన్నదానితో దానికి పని లేదు. తెల్ల పంచె కట్టిన మనిషి, పక్కనే నల్లటి గేదె, ఇద్దరూ ఒకే ఎండలో ఉంటే ఇద్దరూ తమ తమ చోటనే వచ్చి కూర్చుంటారు. పోర్ట్రెయిట్లు తీసేవారికి, పెళ్ళిళ్ళు తీసేవారికి దీనికి మించినది లేదు. కాంతి రెండు రకాలుగా ఉన్నచోట మాత్రం ఇది తడబడుతుంది. లేపాక్షిలో డోమును ఎండలో పట్టుకుంటే ఎఫ్ 16, 250వ వంతు అంటుంది. ఆ లెక్కకు శిల్పపు నీడ 6 స్టాపులు కిందికి పోయి ప్రింటులో నల్లటి మచ్చగా మిగులుతుంది.

మూడోది స్పాట్ మీటరు, దానితోపాటు వచ్చే జోన్ విధానం. అమెరికన్ ఫోటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ 1939-40 ప్రాంతంలో లాస్ ఏంజిలిస్‌లోని ఆర్ట్ సెంటర్ స్కూల్లో దీనికి రూపమిచ్చారు. కటిక నలుపును 0 అనీ, కాగితపు తెలుపును 10 అనీ పెట్టి, మధ్యలో ఒక్కొక్క స్టాపుకు ఒక్కొక్క జోను లెక్కిస్తారు. మీటరు చూపేది ఎప్పుడూ 5వ జోనునే. వివరం తప్పనిసరిగా కనిపించవలసిన నీడను 3వ జోనులో పెట్టాలి, అంటే మీటరు చెప్పినదానికంటే 2 స్టాపులు తగ్గించాలి. మన శిల్పానికి 4వ వంతు చూపింది గనుక 15వ వంతు ఇస్తాం. అప్పుడు 500వ వంతు చూపిన బండ 5వ జోను నుంచి 5 స్టాపులు పైకి లేచి 10వ జోనులో పడుతుంది. అక్కడ రాతి గరుకుదనం ఏమీ మిగలదు. దాన్ని 8వ జోనుకు దింపాలంటే కడిగే సమయం తగ్గించాలి. ఈ పద్ధతి గొప్పదనమంతా ఇక్కడే ఉంది: షట్టరు నొక్కకముందే సమస్య ఎంత పెద్దదో అంకెలలో తెలిసిపోతుంది.

ఆడమ్స్ 1941 నవంబరులో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ గ్రామం మీద తీసిన చంద్రోదయపు చిత్రం అందరూ చూసినదే. ఆ సాయంత్రం మీటరు చేతికి దొరకకపోతే, చంద్రుడి ప్రకాశం చదరపు అడుగుకు 250 క్యాండిళ్ళని గుర్తు తెచ్చుకుని, దాన్ని 7వ జోనులో పెట్టి ఎక్స్‌పోజరు లెక్కకట్టాడు. వెలుగును ఆధారంగా తీసుకోవడం వల్ల గ్రామమున్న ముందుభాగం నెగెటివ్‌లో పలుచగా వచ్చింది. కొన్నేళ్ళ తరువాత ఆ భాగాన్ని రసాయనంతో దట్టం చేయవలసి వచ్చింది. అంతటి చేయి తిరిగినవాడికి కూడా నీడకు తక్కువైన కాంతి తరువాత పని పెట్టిందన్న సంగతి నాకు ఎప్పుడూ గుర్తుంటుంది.

ఇక్కడ మన పాఠకులకు ప్రత్యేకంగా చెప్పవలసింది ఒకటుంది. అమెరికన్ మాన్యువళ్ళు ముఖపు చర్మాన్ని 6వ జోనులో పెట్టమంటాయి. అది తెల్లవారి చర్మానికి రాసిన లెక్క. ఎండలో పనిచేసి వచ్చిన మన రైతు ముఖాన్ని 6వ జోనులో పెడితే, ఆ ముఖానికి ఉన్న నిండుదనం పోయి, పౌడరు పూసినట్టు పాలిపోతుంది. మామూలు చామనఛాయకు 5వ జోను, ముదురు ఛాయకు నాలుగున్నర, ఒక్కొక్కప్పుడు 4 సరిగ్గా కుదురుతాయి. స్పాట్ మీటరు లేనివారికి అరచేయి మంచి సాధనం. అరచేతి రంగు మనిషికీ మనిషికీ అంతగా మారదు. వస్తువు మీద పడే కాంతిలోనే అరచేతిని చాపి కొలిచి, వచ్చినదానికి ఒక స్టాపు కాంతి పెంచితే బూడిద కార్డు పెట్టి కొలిచినంత పని జరుగుతుంది.

కెమెరాను బట్టి, ఫిల్మును బట్టి

జోన్ విధానం ఆడమ్స్ చేతిలో అంతగా ఫలించడానికి ఒక కారణం ఆయన వాడిన షీట్ ఫిల్ము. ఒక్కొక్క షీటును విడిగా కడగవచ్చు. 35 ఎంఎం రీలులో 36 ఫ్రేములుంటాయి, అన్నింటికీ కడగడం ఒక్కటే. లేపాక్షి మండపం, హిందూపురం బస్టాండు, ఇంటి దగ్గర సాయంత్రపు ముఖం, అన్నీ ఒకే రీలులో ఉన్నప్పుడు ఎవరికోసం సమయం తగ్గించాలి? కాబట్టి 35 ఎంఎం వాడేవారు పూర్తి జోన్ విధానాన్ని పట్టుకుని శ్రమపడాలని నేను అనను. వారికి నా సలహా: బాక్సు మీది వేగంలో సగానికి మీటరు పెట్టాలి, కడిగే సమయం 15 శాతం తగ్గించాలి, మిగిలిన తేడాను ప్రింటు వేసేటప్పుడు కాగితపు గ్రేడుతో, అంటే దాని కాంట్రాస్టుతో, సర్దుకోవాలి. ఇంకొంచెం పట్టు కావాలనుకునేవారికి 100 అడుగుల బల్క్ డబ్బా కొని, 12 ఫ్రేముల చిన్న రీళ్ళు చుట్టుకోవడం మంచి దారి. ఒక్కొక్క చోటుకు ఒక్కొక్క రీలు కేటాయించవచ్చు, ఖర్చు కూడా తగ్గుతుంది. ఫిల్ము పెట్టే మ్యాగజైను మార్చుకునే వీలున్న 120 (వెడల్పు రీలు ఫిల్ము) కెమెరా ఉన్నవారు ఒకదాన్ని మామూలు దృశ్యాలకూ, రెండోదాన్ని ఎండ-నీడల దృశ్యాలకూ ఉంచుకుంటే షీట్ ఫిల్ముకు దగ్గరగా వెళ్ళవచ్చు.

ఫిల్ముల మధ్య తేడా చాలామంది అనుకునేంత పెద్దది కాదు గాని, లేనిదీ కాదు. ఇల్ఫోర్డ్ హెచ్‌పి5 ప్లస్, కోడక్ ట్రై-ఎక్స్ 400 రెండూ పాత తరహా గ్రెయిన్ (వెండి రేణువుల) ఫిల్ములు, ఎక్స్‌పోజరులో చిన్న తప్పులను సర్దుకుపోతాయి. హెచ్‌పి5 స్వభావం కొంచెం మెత్తన. మన ఎండలకు నేను దాన్నే ముందు చెబుతాను. కోడక్ 1986లో తెచ్చిన టి-మ్యాక్స్ ఫిల్ములలో గ్రెయిన్ సన్నం, నీడల వేర్పాటు అద్భుతం, కానీ వెలుగు భాగాలు ఆగకుండా నేరుగా పైకి పోతాయి. కడగడంలో అర నిమిషం, ఒక డిగ్రీ తేడా వచ్చినా ఊరుకోవు. థర్మామీటరును నమ్మకంగా వాడే అలవాటు ఉన్నవారికే అవి. 125 వేగం గల ఎఫ్‌పి4 ప్లస్ ట్రైపాడ్ వాడేవారికి, శిల్పాలు తీసేవారికి నచ్చుతుంది. ఊటీలోని హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ఇందు ఫిల్ముతో పని నేర్చుకున్న స్టూడియో పెద్దలు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు. ఏ ఫిల్మయినా ఒక్కటి పట్టుకుని ఏడాదిపాటు దాన్నే వాడితే దాని మనసు తెలుస్తుందని వారు చెప్పే మాట ఈ ఫిల్ములకూ వర్తిస్తుంది.

ఫిల్టరు, ఒక పసుపు గడప

లెన్సు ముందు పెట్టే రంగు గాజు, అంటే ఫిల్టరు, ఎక్స్‌పోజరుకు సంబంధించిన విషయమని గుర్తించకుండా కొనేవారు ఎక్కువ. పసుపు ఫిల్టరుకు ఒక స్టాపు, నారింజకు 2, ఎరుపుకు 3 స్టాపులు అదనంగా ఇవ్వాలి. ఆకాశం నల్లబడి మబ్బులు పొంగి కనిపిస్తాయని అందరికీ తెలుసు. నీడలు కూడా నల్లబడతాయన్నది చాలామంది గమనించరు. ఆరుబయట నీడను వెలిగించేది నీలాకాశమే, ఎర్ర ఫిల్టరు ఆ నీలాన్ని ఆపేస్తుంది. 7 స్టాపుల లేపాక్షి దృశ్యానికి ఎర్ర ఫిల్టరు వేస్తే ఆ దూరం ఇంకా పెరుగుతుంది. అక్కడ పసుపు మించి వాడవద్దు.

రంగుల వేర్పాటుకు మాత్రం ఫిల్టరు చేసే పని ఇంకెవరూ చేయలేరు. పండుగనాడు పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టిన గడపను తీసుకోండి. ఎర్ర ఫిల్టరులో కుంకుమ తెల్లబడి పసుపులో కలిసిపోతుంది, బొట్లు ఉన్నాయనే తెలియదు. ఆకుపచ్చ ఫిల్టరులో పసుపు లేతగా నిలిచి, కుంకుమ నల్లని చుక్కలుగా ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తుంది. పసుపు రాసుకున్న ముఖాన నిండు బొట్టు పెట్టుకున్న ముత్తైదువను తీసేవారికీ ఇదే లెక్క. ఎర్ర ఫిల్టరు ఆమె నుదుటి బొట్టును తుడిచేస్తుంది. అందుకే మన ఇళ్ళలో, పండుగలలో తీసేవారికి పసుపు, ఆకుపచ్చ ఫిల్టర్లు రెండూ కొనమంటాను. ఎరుపు కొండలకూ మబ్బులకూ పనికివస్తుంది, కానీ మొదట కొనవలసింది కాదు.

కడగడం

ఇప్పుడు డెవలపరు దగ్గరికి వద్దాం. 1920ల నుంచి వాడుకలో ఉన్న కోడక్ డి-76, దానికి సరిసమానమైన ఇల్ఫోర్డ్ ఐడి-11 నేర్చుకునేవారికి చాలు, నేర్చుకున్నవారికీ చాలు. హెచ్‌పి5 ప్లస్‌ను 400 దగ్గర తీస్తే, ఐడి-11ను సమాన భాగం నీటితో కలిపి, 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు కడగమని ఇల్ఫోర్డ్ చెబుతుంది. ఒక జోను దింపడానికి, అంటే ఎన్-1కు, సుమారు 20 శాతం తగ్గించి పదిన్నర నిమిషాలతో మొదలుపెట్టవచ్చు. రెండు జోన్లు దింపే ఎన్-2కు 8 నిమిషాల చుట్టుపక్కల. ఇవి పరీక్ష మొదలుపెట్టడానికి చెప్పే అంకెలు. మీ ట్యాంకు తిప్పే తీరు, మీ ఎన్‌లార్జరును (ప్రింటు వేసే యంత్రాన్ని) బట్టి వీటిని సరిచేసుకోవాలి. సమయం తగ్గించినప్పుడు నీడలు కూడా కొంచెం పలుచబడతాయి. లేపాక్షిలో మీటరును 200 దగ్గర పెట్టింది దానికే.

సమయం తగ్గించే పద్ధతిలో ఒక లోటుంది. వెలుగులతోపాటు మధ్య టోన్లూ చదునవుతాయి. ముఖం ముఖ్యమైన చిత్రంలో ఇది బాధిస్తుంది. అటువంటప్పుడు రెండు తొట్ల పద్ధతి మేలు. లీటరు నీటిలో 7.5 గ్రాముల మెటాల్, 100 గ్రాముల సోడియం సల్ఫైటు కలిపితే డి-23 అవుతుంది. ఇంట్లో తూచి కలుపుకోవడానికి ఇంతకంటే సులభమైన డెవలపరు లేదు. ఫిల్మును మొదట దీనిలో ఉంచి, తరువాత లీటరుకు 10 గ్రాముల బోరాక్సు కలిపిన రెండో తొట్టిలోకి మార్చి కదపకుండా ఉంచుతారు. ఫిల్ము పొర పీల్చుకున్న డెవలపరు వెలుగులలో త్వరగా అయిపోయి ఆగిపోతుంది, నీడలలో పని సాగుతూనే ఉంటుంది. ఈనాటి ఫిల్ముల పొరలు పలుచన గనుక పాత పుస్తకాలు చెప్పినంత ఫలితం రాదు. అయినా ముఖాల విషయంలో ఎన్-2 కంటే నాకు ఇదే నచ్చుతుంది.

రోడినాల్ అనే డెవలపరును 100 రెట్ల నీటిలో కలిపి, గంటసేపు కదపకుండా వదిలేసే పద్ధతి గురించి చాలా గొప్పగా చెబుతారు. ఆ పద్ధతిని నేను సిఫారసు చేయను. అన్ని వేగాల ఫిల్ములూ ఒకే తొట్టిలో కడగవచ్చనే మాట ఆకర్షణీయమే గాని, కదలిక లేకపోవడం వల్ల ఫిల్ము అంచు రంధ్రాల పక్కన చారలు పడతాయి, ఆకాశం ఉన్న ఫ్రేములలో అవి దాగవు. పైగా గంటసేపు ఉష్ణోగ్రత నిలిపి ఉంచడం మన ఇళ్ళలో మాటలు కాదు.

ఉష్ణోగ్రత గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఇది మనకు నిజమైన కష్టం. ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే నీరు 32 డిగ్రీలకు తక్కువ ఉండదు. ఒక వేసవిలో నేను తొందరపడి, నీటిని చల్లార్చకుండా, సమయాన్ని 4 నిమిషాలకు తగ్గించి ఒక రీలు కడిగాను. 5 నిమిషాలకు తగ్గితే డెవలపరు ఫిల్ము అంతటా సమంగా పట్టదు. మా పెద్దమ్మ ముఖం సగం దట్టంగా, సగం పలుచగా వచ్చిన ఆ నెగెటివ్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆ చిత్రం మళ్ళీ తీసే అవకాశం రాలేదు. అప్పటినుంచి రెండు నియమాలు పెట్టుకున్నాను. ఒకటి, ప్లాస్టిక్ టబ్బులో ఐసు వేసి, డెవలపరు, మధ్యలో కడిగే నీరు, చిత్రాన్ని నిలిపే హైపో, మూడింటినీ 24 డిగ్రీలకు తెచ్చి అక్కడే నిలపడం. 20కి దింపాలని పోరాడడం కంటే 24 దగ్గర స్థిరంగా ఉంచడం సులభం. 20 దగ్గర 13 నిమిషాలు పట్టేది అక్కడ సుమారు 9 నిమిషాలవుతుంది. రెండు, సమయం తగ్గించవలసిన రీళ్ళకు మూడింతల నీరు కలిపిన పలుచని ద్రావణం వాడడం. హెచ్‌పి5కు అది 20 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు, 24 దగ్గర సుమారు 14. అక్కడి నుంచి ఎన్-2కు తగ్గించినా 8 నిమిషాల పైనే ఉంటాం. వేసవిలో ఫిల్ము కడిగే తెలుగువారికి నేను ఇచ్చే సలహాలలో అన్నిటికంటే ముఖ్యమైనది ఈ పలుచని ద్రావణమే.

400 ఫిల్మును 1600గా పుష్ చేయడం, అంటే 1600 అని ఎంచి తీసి ఎక్కువసేపు కడగడం గురించి క్లుప్తంగా: కడిగే సమయం పెంచితే మధ్య టోన్లు, వెలుగులు లేస్తాయి, నీడలు లేవవు. నాటకం, రాత్రి జాతర, దీపాల కాంతి, ఇలా వెనుక నలుపు ఉన్నా ఫరవాలేని చోట వాడుకోవచ్చు. నీడ ముఖ్యమైతే పుష్ కంటే ట్రైపాడు మేలు.

కాగితం, స్కానరు

ఇల్ఫోర్డ్ 1940లో మొదటి మల్టీగ్రేడ్ కాగితం తెచ్చిన తరువాత ఒకే డబ్బా కాగితంతో 00 నుంచి 5 దాకా కాంట్రాస్టు మార్చుకునే వీలు కలిగింది. రీలు ఫిల్ము వాడేవారికి ఇది ఎన్-1, ఎన్-2లకు సగం ప్రత్యామ్నాయం. మెత్తని ఫిల్టరుతో వెలుగులకు ఒక ఎక్స్‌పోజరు, గట్టి ఫిల్టరుతో నలుపులకు ఇంకొకటి ఇచ్చే పద్ధతి నేర్చుకుంటే 6 స్టాపుల దృశ్యాలు చాలావరకు దారికి వస్తాయి. 7 దాటితే మళ్ళీ కడగడం దగ్గరే తగ్గించుకోవాలి. డార్క్‌రూము లేక స్కాను చేసేవారికి లెక్క కొంచెం మారుతుంది. స్కానరుకు దట్టమైన వెలుగులే కష్టం, చదునైన నెగెటివ్ కష్టం కాదు. వారు ప్రతి రీలునూ కొంచెం తగ్గించి కడగడమే మంచిది. నీడకు ఇవ్వవలసిన కాంతి మాత్రం వారికీ అంతే.

ఎన్ని అంకెలు చెప్పినా, తగ్గించింది సరిపోయిందా లేదా అన్నది నెగెటివే చెబుతుంది. ఆరిన నెగెటివ్‌ను కిటికీ దగ్గర వార్తాపత్రిక మీద పెట్టండి. అన్నిటికంటే దట్టమైన చోట, అంటే లేపాక్షిలో ఎండ పడిన ఆ బండ ఉన్నచోట, కింది అక్షరాలు కష్టంగానైనా చదవగలిగితే కడగడం కుదిరినట్టే. అసలు కనిపించకపోతే తరువాతి రీలుకు ఒక నిమిషం తగ్గించండి. ఆ తరువాత శిల్పపు నీడను వెలుగుకు ఎత్తి చూడండి. వాద్యకారుడి వేళ్ళు ఒకదాని నుంచి ఒకటి విడిగా కనిపించాలి. కనిపించకపోతే ఈసారి మీటరును 200 నుంచి 160కి దింపండి, డెవలపరు జోలికి వెళ్ళవద్దు.